కోపం ఎంత అదుపులో ఉందో ఎవర్ని అడగాలి?

(గ్రంథాలయ వారోత్సవాల్లో కోనసీమలోని ఒక శాఖా గ్రంథాలయంలో సైకాలజీ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తియ్యలేదు.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ముందు కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి, ఎవర్నీ పైకి పిలిచి ప్రశ్నలు అడగనులెండి. ఆయ్, రండి రండి.

మీరు లోపలికొచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఒక చీటీ ఇచ్చారు కదా. దాని మీద ఒకే ఒక్క వాక్యం ఉంది. "కోపమొచ్చినా బాధొచ్చినా నేను అదుపులో పెట్టుకోగలను." ఒకటి నుంచి ఏడు దాకా ఏదో ఒక నంబర్ వెయ్యమన్నాం. ఒకటంటే అస్సలు కాదు, ఏడంటే నూటికి నూరుపాళ్ళూ నిజం. భార్యాభర్తలు కలిసొచ్చినవాళ్ళకి రెండో చీటీ కూడా ఇచ్చాం, దాంట్లో మీ గురించి కాదు, పక్కన కూర్చున్నవాళ్ళ గురించి వెయ్యాలి. పేర్లు లేవు, రెండూ కలిపి పిన్ను కొట్టారంతే, కాబట్టి ఎవరూ కంగారుపడకండి.

ఇదిగో ఒక జంట చీటీలు. ఆయన తనకి తాను ఆరు వేసుకున్నారు. ఆవిడ ఆయనకి రెండు వేసి, ఆ రెండుని కొట్టేసి, మళ్ళీ పక్కన రెండే వేశారు. మధ్యలో ఏదో ఆలోచించారన్నమాట, జాలిపడి మూడు వేద్దామనుకున్నారేమో, ఏదో గుర్తొచ్చి మానేశారు. ఇంకో జంట చూడండి. ఆవిడ తనకి మూడు వేసుకున్నారు, ఆయన ఆవిడకి ఏడు వేశారు. మీరు నవ్వుతున్నారు గానీ నాకు మొదటి జంట కంటే ఈ రెండో జంటే ఎక్కువ ఆలోచింపజేస్తోందండి. ఆవిడ లోపల పడే యాతన ఆయనకి కనపడట్లేదేమో. లేదా పక్కనే కూర్చుందని భయపడి ఏడు వేశారేమో, అదీ ఉంటుంది మరి.

ఇప్పుడు చెప్పండి, ఆ మొదటాయన మార్కు ఆరా, రెండా? ఆరు అనేవాళ్ళు? మగవాళ్ళందరూ ఒక్కసారే ఎత్తారు చేతులు. సరే. ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ ఒక్క ప్రశ్న గురించే. ఆరా, రెండా, లేకపోతే రెండూ నిజమేనా?

ఈ కొలతల గోల ఎక్కడ మొదలైందంటే, 1990లో అమెరికాలో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక పేపర్ రాశారు. తెలివితేటలంటే లెక్కలూ భాషా మాత్రమే కాదు, మనలోనూ ఎదుటివాళ్ళలోనూ ఏం నడుస్తోందో పసిగట్టడం, దాన్ని ఒక దారిలో పెట్టుకోవడం కూడా ఒక తెలివేనని. దానికి ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అని పేరు పెట్టారు. ఆ పేపర్ చదువుకున్నవాళ్ళ మధ్యే ఉండిపోయేదేమో, 1995లో డేనియల్ గోల్‌మన్ అనే జర్నలిస్టు దాని మీద పుస్తకం రాసేసరికి ప్రపంచమంతా పాకిపోయింది. అక్కణ్ణుంచి ఇంక ఈక్యూ, అంటే ఆ తెలివికి వేసే మార్కు, ఎక్కడ చూసినా ఈక్యూ, ఈక్యూ. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఈక్యూ, స్కూల్ బ్రోచర్లో ఈక్యూ. మొన్నామధ్య ఒక తండ్రిగారు నా దగ్గరికి రిపోర్టు పట్టుకొచ్చారు, ఆరో క్లాసు పిల్లాడిది, రంగురంగుల కాగితం మీద "ఎమోషన్ మేనేజ్‌మెంట్ 62 శాతం" అని ఉంది. ఏ ప్రశ్నలడిగారో లేదు, జవాబులు పిల్లాడు చెప్పాడా టీచర్ చెప్పిందా అనేది లేదు, 62 అంటే దేంట్లో 62, ఆ మిగతా 38 ఎటు పోయిందో లేదు. ఆయన అడిగేది ఒకటే, "ఇది పాసేనా అండి?" అని. ఏం చెప్పమంటారు?

సరే, కొలవడానికి ఉన్న దారులు చూద్దాం. మొదటిది మనం ఇందాక చేసిందే, మనిషినే అడిగెయ్యడం. 2003లో జేమ్స్ గ్రాస్, ఆలివర్ జాన్ ఒక ప్రశ్నాపత్రం తయారుచేశారు, ఇవాళ్టికీ ఈ రంగంలో చాలామంది వాడేది అదే. పదంటే పదే వాక్యాలు. ఆరు వాక్యాలు ఆలోచన మార్చుకోవడం గురించి, నాలుగు వాక్యాలు పైకి కనపడకుండా అణుచుకోవడం గురించి, ఒక్కోదానికి 1 నుంచి 7. ఆలోచన మార్చుకోవడమంటే ఎలాగండీ? రావులపాలెం సెంటర్లో బస్సు మీ కళ్ళముందే వెళ్ళిపోయింది, ఒళ్ళు మండబోతోంది, ఇంతలో "పోన్లే, వెనకాల వచ్చేది ఖాళీగా ఉంటుంది, కూర్చుని వెళ్ళొచ్చు" అనుకున్నారు. కోపం పూర్తిగా పుట్టకముందే దారి మళ్ళింది. అణుచుకోవడమంటే, భోజనాల దగ్గర వియ్యపురాలు ఏదో మాట తూలింది, మీరు పళ్ళ బిగువున నవ్వుతూ "ఇంకో గారె వేయించుకోండి వదినగారూ" అన్నారు. కోపం పుట్టింది, కడుపులోనే ఉంది, మొహం మీదకి రాలేదు, గారె మాత్రం విస్తట్లోకి వచ్చింది.

ఈ ప్రశ్నాపత్రంలో నాకు నచ్చే సంగతేంటంటే, నువ్వు ఎంత గొప్పవాడివి అని అడగదు, ఏ పద్ధతి ఎక్కువ వాడతావు అనే అడుగుతుంది. తర్వాత ఏడాది, 2004లో, గ్రాట్జ్, రోమర్ ఇంకోటి తెచ్చారు, 36 వాక్యాలు, అది ఎక్కడ ఇబ్బంది పడుతున్నావు అని అడుగుతుంది. కోపమొచ్చినప్పుడు పని చేసుకోగలవా, చేతులు ఆపుకోగలవా, ఆ కోపమొచ్చినందుకు మళ్ళీ నిన్ను నువ్వు తిట్టుకుంటావా, ఇలాంటివి. కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్ళతో మాట మొదలుపెట్టడానికి మంచి పనిముట్టు అది.

కానీ మన జిల్లాకొచ్చేసరికి నాకో అనుమానం అండి. మన ఎటకారాన్ని ఏ గడిలో వెయ్యాలి? నిజంగానే అడుగుతున్నాను. అప్పిచ్చినాయన నెలల తరబడి తిరిగి తిరిగి, చివరికి వచ్చి అరుగు మీద కూర్చుని, "ఏం పర్లేదండి, మీరు కంగారుపడి ఇవ్వకండి, మా మనవడి పెళ్ళికి ఇద్దురుగానిలెండి" అంటాడు. మనవడింకా పుట్టలేదు. మొహంలో నవ్వు చెదరదు, గొంతు లేవదు, మర్యాద ఎక్కడా తప్పలేదు, అవతలివాడికి మాత్రం భూమి చీలితే బాగుండుననిపిస్తుంది. ఇది అణుచుకోవడమా, బయటపెట్టడమా, ఆలోచన మార్చుకోవడమా? మూడూనూ. పది వాక్యాల్లో ఒక్కటి కూడా దీన్ని అడగదు.

అసలు చిక్కు దానికంటే లోతుగా ఉంది. తనకి కోపమొచ్చిందని తనకే తెలియనివాడు చీటీలో ఏం వేస్తాడు? ఏడు వేస్తాడు. "నాకు కోపమేంటండీ, నాకెందుకు కోపం!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచేవాళ్ళు మీ ఇంట్లో లేరా? మా ఇంట్లో ఉన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదండి, నిజంగానే నమ్ముతారు. కాబట్టి చీటీ మీద అంకె చెప్పేది అదుపు గురించి కాదు, అదుపు గురించి ఆ మనిషికున్న అభిప్రాయం గురించి. రెండూ వేరు.

అందుకని కొంతమంది ఏమన్నారంటే, నీ అభిప్రాయం మాకొద్దయ్యా, పరీక్ష పెడతాం, తప్పొప్పులు దిద్దుతాం అన్నారు. ఇది రెండో దారి. ఇందాకటి మేయర్, సాలొవేలే, డేవిడ్ కరూసోతో కలిసి 2002లో ఒక టెస్టు తెచ్చారు, 141 ప్రశ్నలు. మొహాల ఫొటోలు చూపించి ఇందులో ఏముంది అంటారు, ఒక సందర్భం చెప్పి ఏం చేస్తే బాగుంటుంది అంటారు. బాగానే ఉంది. మరి లెక్కల్లో అయితే రెండు రెళ్ళు నాలుగు, ఇక్కడ కరెక్ట్ ఆన్సర్ ఎవరు చెప్పాలి? రెండు పద్ధతులు పెట్టారు. వేలమందికి టెస్టు పెట్టి, ఎక్కువమంది ఏది అంటే అదే ఒప్పు. లేదా భావాల మీద రీసెర్చ్ చేసే 21 మంది నిపుణులు ఏది అంటే అది ఒప్పు.

మనం ఇక్కడే ఒకటి చేసి చూద్దాం. మీ తోడికోడలు మీరు కొన్న చీర గురించి పదిమందిలో తేలిగ్గా మాట్లాడింది. అక్కడికక్కడే అడిగేస్తారా, తర్వాత విడిగా పిలిచి మాట్లాడతారా, నవ్వేసి ఊరుకుంటారా, అత్తగారి చెవిన వేస్తారా? విడిగా మాట్లాడతాం అనేవాళ్ళు? ఓ పదిహేను చేతులు. నవ్వేస్తాం? దాదాపు అందరూ. అత్తగారికి చెప్తాం? ఒక్క చెయ్యి. అమ్మా, మీరు ధైర్యవంతులు. ఇప్పుడు ఎక్కువమంది చెప్పిందే ఒప్పు అంటే నవ్వేసి ఊరుకోవడమే ఫస్ట్ మార్కు. ఇదే ప్రశ్న బోస్టన్‌లో అడిగితే విడిగా మాట్లాడేవాళ్ళకే ఫస్ట్ మార్కు రావచ్చు. పైగా అత్తగారికి చెప్తానన్న ఈ ఒక్కావిడకి వాళ్ళ అత్తగారు ఎలాంటి మనిషో తెలుసు, ఆ ఇంట్లో అదే సరైన పనేమో, టెస్టు మాత్రం సున్నా వేస్తుంది.

ఇంకోటి, తెలియడం వేరు, చెయ్యడం వేరు. మా కాలేజీలో ఒత్తిడిని ఎదుర్కొనే పద్ధతులు రాయుము అని ప్రశ్న ఇస్తే పాయింటు పాయింటూ రాస్తారు పిల్లలు, గీతలు గీసి మరీ. హాల్లోంచి బయటికొచ్చి బైక్ పార్కింగ్ దగ్గర కాలర్లు పట్టుకుంటారు. మార్కులు తగ్గించగలమా? రాసింది కరెక్టే కదా.

పోనీ ఈ రెండు కొలతలూ ఒకదానితో ఒకటి కలుస్తాయా అంటే, అదీ లేదండి. తనకి తాను వేసుకున్న మార్కుకీ, టెస్టులో వచ్చిన మార్కుకీ సంబంధం చాలా తక్కువని మార్క్ బ్రాకెట్ వాళ్ళు 2006లో చూపించారు. 2014లో ఇంకో స్టడీ వచ్చింది, మేనేజ్‌మెంట్ చదివే స్టూడెంట్స్ మీద. టెస్టులో అందరికంటే తక్కువొచ్చినవాళ్ళే తమ గురించి తాము అందరికంటే ఎక్కువగా ఊహించుకున్నారు. సరే, మార్కు చూపించాక ఏమన్నారో తెలుసా? ఈ టెస్టే బాలేదన్నారు. నాకైతే ఆ స్టడీ చదివినప్పుడు ఎక్కడో చూసినట్టే అనిపించింది.

ఇక మూడో దారి ఒళ్ళు. నోరు అబద్ధమాడినా ఒళ్ళు ఆడదు కదా, దాన్నే అడుగుదాం అని. ఈ ఆలోచన మనకి కొత్త కాదండి, ఇక్కడ నాట్యం నేర్చుకునే పిల్లలున్నారు, సాత్త్విక భావాలెన్నమ్మా? ఎనిమిది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వణుకు, వైవర్ణ్యం అంటే రంగు మారడం, కన్నీరు, ప్రళయం అంటే స్పృహ తప్పడం. ఒళ్ళు తనంతట తాను చేసేవి. ల్యాబుల్లో ఇప్పటికీ మొదట చూసేది ఆ రెండోదే, చెమట. వేళ్ళకి రెండు చిన్న ఎలక్ట్రోడ్లు పెట్టి, మనకి తెలియనంత కొద్దిగా కరెంటు పంపుతారు, చెమట పెరిగేకొద్దీ చర్మంలోంచి కరెంటు సులువుగా వెళ్తుంది.

గ్రాస్, లెవెన్సన్ 1993లో ఏం చేశారంటే, స్టూడెంట్స్‌కి చెయ్యి తీసేసే ఆపరేషన్ ఫిల్మ్ చూపించారు. అన్నానికి ముందు చెప్తున్నాను, ఏమనుకోకండి. కొంతమందిని మామూలుగా చూడమన్నారు, కొంతమందిని మాత్రం చూసేవాళ్ళకి ఏమీ తెలియకుండా మొహం బిగించి చూడమన్నారు. వాళ్ళు మొహం బాగానే బిగించారు. కానీ లోపల ఎలా ఉందంటే అసహ్యం ఏమీ తగ్గలేదు, చెమట మాత్రం మామూలుగా చూసినవాళ్ళకంటే ఎక్కువైంది. ఇప్పుడు చెప్పండి, వీళ్ళు బాగా మేనేజ్ చేశారా, చెయ్యలేదా? మొహాన్ని అడిగితే ఫస్ట్ క్లాస్. మనసుని అడిగితే ఏమీ మారలేదు. చేతివేళ్ళని అడిగితే ఫెయిల్.

అయితే ఒళ్ళునే నమ్ముదామా? చెమట ఎంత పట్టిందో మిషను చెప్తుంది, ఎందుకు పట్టిందో చెప్పదు. భయానికీ పడుతుంది, సంతోషానికీ పడుతుంది, మే నెలలో అమలాపురం బస్టాండులో ఊరికే నిలబడినా పడుతుంది. లై డిటెక్టర్ అంటారే, దాని కష్టం కూడా ఇదే. మనిషి ఒప్పుకోకుండా అలాంటి టెస్టులు పెట్టకూడదని మన సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో చెప్పింది కూడా.

దీంట్లో ఇంకా పెద్ద చిక్కుంది, అది మన ధవళేశ్వరం దగ్గర చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. బ్యారేజీ దగ్గర గేజీ ఉంటుంది, 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఇక్కడ చిన్నపిల్లలక్కూడా తెలుసు. ఇవాళ గేజీ తక్కువ చూపిస్తోంది. అంటే గేట్లు చూసుకునేవాళ్ళు అద్భుతంగా పనిచేశారనా? పైనుంచి నీళ్ళే రాలేదేమో! 175 గేట్లు ఎంత బాగా నడిపారో తెలియాలంటే గేజీ ఒక్కటే చాలదు, పైనుంచి ఎంతొచ్చిందో తెలియాలి, ఎంత వేగంగా వచ్చిందో తెలియాలి, కింద లంకల్లో జనం ఉన్నారా, ఖాళీ చేశారా తెలియాలి. మనిషి కూడా అంతేనండి. ప్రశాంతంగా ఉన్నాయన్ని చూసి ఎంత నిగ్రహమో అంటాం, ఆయనకి ఎవరూ ఎదురు చెప్పని ఇల్లు దొరికిందంతే. వంటింట్లో సాయంత్రం ఒకసారి గిన్నె విసిరినావిడకి అదుపు లేదంటాం, పొద్దుట్నుంచీ ఆవిడ మీదకి ఎంతొచ్చిందో ఎవరు కొలిచారు?

ఇక అణుచుకోవడం మంచిదా చెడ్డదా అంటే, పుస్తకాలన్నీ చెడ్డదే అంటాయి. ఎమిలీ బట్లర్ వాళ్ళు 2003లో ఒకరికొకరు పరిచయం లేని ఆడవాళ్ళని జంటలుగా కూర్చోబెట్టి, మనసు కలిచివేసే ఫిల్మ్ చూపించి, దాని గురించి మాట్లాడుకోమన్నారు. జంటలో ఒకరికి మాత్రం చాటుగా చెప్పారు, నీ మొహంలో ఏదీ కనపడనివ్వకు అని. విచిత్రమేంటంటే బీపీ పెరిగింది ఎదుటి మనిషికి కూడా! పాపం ఆవిడకి ఏం జరుగుతోందో తెలీదు, ఎదురుగా మొహం గోడలా ఉందంతే. ఇంట్లో ముభావంగా కూర్చునే మగవాళ్ళు ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. కానీ అదే బట్లర్ 2007లో మళ్ళీ చూస్తే, ఆసియా విలువలు ఎక్కువున్న ఆడవాళ్ళలో అణుచుకోవడం వల్ల వచ్చే చెడు అంత లేదు. పెద్దల ముందు గొంతు తగ్గించడం చిన్నప్పట్నుంచీ అలవాటైన మనిషికీ, ఎప్పుడూ తగ్గించని మనిషికీ అదే పని ఒకే ఖరీదు పడదు. ఇక ఉద్యోగం కోసం నవ్వేవాళ్ళ సంగతి ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే రాసింది, విమానాల్లో ఎయిర్‌హోస్టెస్‌ల గురించి. ఆ కంపెనీ పేరు డెల్టా. మన డెల్టా కాదులెండి. పైపైన నవ్వడం ఒకటి, నిజంగానే నవ్వొచ్చేలా మనసుని ఒప్పించుకోవడం ఇంకోటి అని ఆవిడ విడదీసింది. బట్టల షాపులో వంద చీరలు విప్పి చూపించి నవ్వుతూ మడతపెట్టే అమ్మాయికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

తల్లిదండ్రులు ఎక్కువమంది వచ్చారు కాబట్టి పిల్లల టెస్టు ఒకటి చెప్పాలి. స్టాన్‌ఫర్డ్‌లో 1960ల చివర్లో వాల్టర్ మిషెల్ మొదలుపెట్టాడు. మనం ఆత్రేయపురం పూతరేకు పెట్టామనుకోండి. నాలుగేళ్ళ పిల్లాడి ముందు ఒక పూతరేకు పెట్టి, నేను వచ్చేదాకా ఆగితే రెండిస్తాను అని వెళ్ళిపోవాలి. ఆగినవాడు పెద్దయ్యాక పైకొస్తాడని చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. 2018లో దాదాపు 900 మంది పిల్లలతో చూసి, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం చాలావరకు కరిగిపోయింది. నాకు మాత్రం 2013లో సెలెస్ట్ కిడ్ చేసింది ఇష్టం. 28 మంది పిల్లలు. ముందు సగంమందికి మంచి రంగు పెన్సిళ్ళు తెస్తానని చెప్పి తెచ్చారు, సగంమందికి తెస్తానని చెప్పి, వచ్చి, లేవమ్మా సారీ అన్నారు. ఆ తర్వాత మిఠాయి పరీక్ష. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి కోసం? 3 నిమిషాలు. మరి మనం కొలిచింది పిల్లాడి నిగ్రహాన్నా, పెద్దాళ్ళ మాటనా? "రేపు తీసుకెళ్తాన్రా అంతర్వేది" అని ఎన్నిసార్లు అన్నారు, ఎన్నిసార్లు తీసుకెళ్ళారు? నన్ను చూడకండి, పక్కనున్న పిల్లల్ని అడగండి.

నాకు కాస్త నమ్మకమున్న దారి ఇంకోటుంది. ఒక్కసారి కాకుండా పదేపదే, జరుగుతున్నప్పుడే అడగడం. 1970ల్లో చిక్సెంట్‌మిహాయి, లార్సన్ అనే ఇద్దరు పరిశోధకులు స్టూడెంట్స్‌కి పేజర్లు ఇచ్చి, అది మోగినప్పుడల్లా ఇప్పుడేం చేస్తున్నావు, ఎలా ఉంది, రాయమన్నారు. ఇప్పుడు ఫోన్ చాలు. భీమవరం వైపు రొయ్యల రైతు ఉన్నాడనుకోండి. మధ్యాహ్నం తీరిగ్గా అడిగితే "నాకు టెన్షన్ ఏముంటుందండి" అంటాడు. అదే ఫోన్ తెల్లవారుజామున మోగాలి. కరెంటు పోయింది, ఏరియేటర్లు ఆగాయి, నీళ్ళల్లో ఆక్సిజన్ ఆ టైమ్‌కి అన్నిటికంటే తక్కువ, రొయ్యలు పైకి తేలుతున్నాయి, జనరేటర్ స్టార్టవ్వట్లేదు, కుర్రాడేమో డీజిల్ తేలేదు. అప్పుడు ఏమనిపించింది, ఏం చేశాడు, కుర్రాణ్ణి తిట్టి కూర్చున్నాడా, తిడుతూనే ఆక్సిజన్ మందు చల్లాడా, మళ్ళీ మామూలు మనిషవడానికి ఎంతసేపు పట్టింది? ఇలాంటివి రెండు వారాలు పోగుచేస్తే అప్పుడు ఆ మనిషి గురించి ఏదో తెలిసినట్టు. అయితే తెల్లవారుజామున గట్టు మీద ఫోన్ మోగితే ఆ ఫోన్ చెరువులో పడే ప్రమాదం ఉంది, అది వేరే సంగతి.

ఇంకా నచ్చింది జార్జ్ బొనానో వాళ్ళ పని, 2004లో వచ్చింది. న్యూయార్క్‌లో టవర్లు కూలిన రోజుల్లో అక్కడ కాలేజీలో కొత్తగా చేరినవాళ్ళని తీసుకున్నారు. బొమ్మలు చూపించి, ఒకసారి మొహంలో బాగా కనపడనివ్వమన్నారు, ఒకసారి అస్సలు కనపడనివ్వొద్దన్నారు. రెండూ చెయ్యగలిగినవాళ్ళే రెండో ఏడాది చివరికి తక్కువ బాధలో ఉన్నారు. కేవలం అణుచుకోగలిగినవాళ్ళు కాదు, కేవలం బయటపెట్టగలిగినవాళ్ళు కాదు, రెండూ. మన దగ్గర పెద్దవాళ్ళని అడగండి, 1996 నవంబర్ 6 తుఫాను రాత్రి పిల్లల్ని పొదివి పట్టుకుని కిక్కురుమనకుండా కూర్చున్నవాళ్ళు, నీళ్ళు తీశాక, పడిపోయిన కొబ్బరిచెట్లు లెక్కపెడుతూ బావురుమన్నవాళ్ళు. ఆ రాత్రి టెస్టు పెడితే అందరూ పాస్, ఆ తర్వాత పెడితే అందరూ ఫెయిల్. నన్నడిగితే రెండుసార్లూ పాసే.

టైమ్ అయిపోయిందంటున్నారు, ఒక ప్రశ్న తీసుకుంటాను. ఆ చివరాయన. మైకివ్వండి మాస్టారికి. ఆయన అడిగేది ఏంటంటే, మా అబ్బాయికి ఇంటర్లో చేరిన దగ్గర్నుంచీ కోపం ఎక్కువైంది, ఏ టెస్టు చేయించమంటారు అని.

ఏ టెస్టూ వద్దండి, ముందు ఒక నోటుబుక్ పెట్టండి. మీది కాదు, అబ్బాయిదే, వాడు ఒప్పుకుంటేనే. ఎప్పుడొచ్చింది, దానికి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, ఎంతసేపటికి తగ్గింది, అంతే. పక్కన ఒక గడిలో రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడో రాయమనండి. ఇంటర్ పిల్లలకి సగం జవాబు ఆ గడిలోనే దొరుకుతుంది చాలాసార్లు. కోపమొచ్చిన రోజులొక్కటే కాదు, రావాల్సినా రాని రోజులు కూడా రాయాలి, అది ముఖ్యం. కొట్టడం, వస్తువులు పగలగొట్టడం, తనని తాను గాయపరుచుకోవడం, చచ్చిపోతాననే మాట, వీటిల్లో ఏదున్నా నోటుబుక్ కూడా వద్దు, సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఆలస్యం చెయ్యకండి. అర్ధరాత్రయితే టెలీ మానస్ అని సెంట్రల్ గవర్నమెంట్ వాళ్ళ ఫోన్ లైన్ ఉంది, 2022 నుంచి నడుస్తోంది, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. 14416. మళ్ళీ చెప్తున్నాను, 14416. రాసుకున్నారా?